ఆయన తుపాకీ, నా నడుము

మా కఫీల్ తోబులకు కొలతలు నావే. వినడానికి వింతగా ఉంటుంది గానీ అసలు గొడవంతా ఇక్కడే మొదలైంది. దర్జీ చంకల కింద టేపు పెడితే మా యజమానికి చక్కిలిగింత, దాని వెంట చిరాకు. నేనూ ఆయనా ఒకే ఎత్తు, ఒకే నడుము. ఆయన తిని పెంచిన పొట్ట, నేను స్టీరింగ్ ముందు కూర్చుని పెంచిన పొట్ట సరిసమానం. అందుకని కొత్త తోబు కావలసినప్పుడల్లా నన్నే రియాద్‌లోని మలాజ్ బజారుకు పంపేవాడు. దర్జీ నా ఒంటి మీద కొలిచి, పాదాల దాకా దిగే ఆ తెల్ల అంగీ కుట్టేవాడు. నేను తొడుక్కుని ఆయన ముందు రెండడుగులు నడిస్తే, బాగుందనుకుంటే అప్పుడు ఆయన తొడుక్కునేవాడు. ఇంటి డ్రైవరుకు ఇంత మర్యాద ఎవరిస్తారురా అని మా జిల్లా వాళ్ళు నన్ను ఆటపట్టించేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. తోబు కొలతకు పంపినవాడు తుపాకీ కొలతకూ నన్నే పిలుస్తాడని అప్పుడు నాకేం తెలుసు?

నాకు తుపాకీ అంటే భయం. దాచుకోవలసిన పని లేదు, నిజంగానే భయం. మా కరీంనగర్ జిల్లాలో ఆ రోజుల్లో తుపాకీ రెండు రకాల మనుషుల దగ్గరే ఉండేది. అడవిలోంచి వచ్చే అన్నలు ఒకరు, వాళ్ళను వెతుక్కుంటూ వచ్చే పోలీసులు ఇంకొకరు. ఒక సాయంత్రం అన్నలు మా ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నారు. పెట్టకపోతే ఒకరికి కోపం, పెడితే ఇంకొకరికి కోపం. మా అమ్మ పెట్టింది. “పప్పు మంచిగున్నదమ్మా” అని చేతులు కడుక్కుని పోయారు. మర్నాడు పోలీసులు వచ్చి నన్ను ఠాణాకు తీసుకుపోయారు. ఒక జవాను తుపాకీ గొట్టాన్ని నా బొడ్డు పక్కన ఆనించి, వాళ్ళు ఏ దారిన పోయారో చెప్పమన్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! గొట్టం చల్లగా ఉంది. ఆ చలి ఇన్నేళ్ళకూ నా పొట్టలోంచి పూర్తిగా పోలేదు. బతికి బయటపడ్డాక ఏ వీసా అయితే ఆ వీసా, ఏ దేశమైతే ఆ దేశం అని బొంబాయి రైలెక్కాను. తుపాకీ కనబడని చోటు కావాలని సౌదీకి వచ్చినవాణ్ణి నేను.

వచ్చి కుదురుకున్నానో లేదో యుద్ధం. సైరన్ మోగితే ఇంట్లో వాళ్ళందరూ విషవాయువు దూరకుండా కిటికీ సందులకు టేపులు అంటించిన గదిలోకి పోయేవాళ్ళు. వాళ్ళ మొహాలకు తొడుగులుండేవి. నాకు తడిపిన తువ్వాలు. నేను గేటు పక్క గదిలో కూర్చుని, ఆ తువ్వాలు ముక్కుకు అదుముకుని, మా అమ్మ నేర్పిన దేవుళ్ళ పేర్లన్నీ వరసగా చదివేవాణ్ణి. ఊరవతల క్షిపణి పడితే తలుపు గొళ్ళెం గలగల కొట్టుకునేది. అంతే. మా వీధిలో ఒక గోడ కూడా బీటలివ్వలేదు. కొన్నాళ్ళకు యుద్ధం అయిపోయింది, టేపులు పీకేశారు.

కానీ మా కఫీల్ లోపల టేపులు పీకలేదు. కఫీల్ అంటే వీసా ఇచ్చి మనల్ని తెప్పించుకున్న యజమాని. మన పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది, మన రాకపోకలు ఆయన నోట్లో ఉంటాయి. మావాడు కార్ల విడిభాగాల దుకాణం నడిపేవాడు. యుద్ధానికి ముందు మనిషి నవ్వులపుట్ట. యుద్ధం తర్వాత దుకాణంలో డబ్బా కింద పడినా ఉలిక్కిపడేవాడు. కారులో వెనక కూర్చుని ఊరికే తిరిగి చూసేవాడు. “ఆ తెల్ల బండి మన వెనకే వస్తోందా?” అనేవాడు. రియాద్‌లో తెల్ల బండి కానిది ఏది? ఆకాశంలోంచి పడేదాన్ని ఆపే తుపాకీ ఎక్కడా దొరకదు. అయినా ఆయనకు తుపాకీ కావాలనిపించింది. ఇంట్లో పెట్టుకోవడానికి కాదు, రోజూ ఒంటి మీద పెట్టుకుని తిరగడానికి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆయన భయం వచ్చి నా నడుము మీద పడింది.

మొదట వాళ్ళ నాన్న వాడిన పాత పిస్తోలు బయటికి తీశాడు. నల్లటి ఇనుము, సన్నికల్లు పొత్రమంత బరువు. నన్ను లోపలి గదికి పిలిచి, తలుపు వేసి, “తోబు వేసుకో” అన్నాడు. కొత్త తోబు కుట్టించాడేమో అనుకున్నాను. వేసుకున్నాక తోలు పటకా ఒకటి ఇచ్చి, లోపలి పైజామా మీద కట్టుకోమన్నాడు. దానికి కుడి పక్కన తోలు ఒర. అందులో ఆ ఇనుప పిస్తోలు దూర్చి, “నడు” అన్నాడు.

“బాబా, నాకు వద్దు” అన్నాను. ఆ ఇంట్లో పనివాళ్ళందరం ఆయన్ని బాబా అనే పిలిచేవాళ్ళం.

“ఖాళీదే. తూటాలు లేవు. నడువు, నీ మీద ఎలా కనబడుతుందో చూడాలి. నీ మీద కనబడకపోతే నా మీదా కనబడదు.”

మా ఇద్దరి మధ్య నడిచేది సగం అరబ్బీ, సగం ఉర్దూ. అందులో ‘వద్దు’ అనే మాట ఎంత గట్టిగా చెప్పినా మెత్తగానే వినబడుతుంది. పైగా ఆ ఏడు నేను ఊరికి పోయిరావడానికి చుట్టీ అడిగి ఉన్నాను. ఇంటికి పోయి, భార్య మొహం చూసి చాలా కాలమైంది. “ఈ పని అయిపోనీ, నీకు చుట్టీ కాగితం కొట్టిస్తాను” అన్నాడు. ఇక వద్దనడానికి నాకు నోరెక్కడిది? ఆ తుపాకీ తొందరగా కుదిరితే నేను తొందరగా ఇల్లు చేరతాను. నేను పట్టుకున్న లెక్క అదొక్కటే. నాకున్న భయమూ ఒక్కటే. ఆయనకు పిస్తోలు పెట్టుకోవడానికి సర్కారు కాగితం ఉంది. నాకు లేదు. పరదేశికి ఇవ్వరు కూడా. అది నా ఒంటి మీద దొరికిందంటే చుట్టీ కాదు కదా, మళ్ళీ వెలుతురు చూడను.

నడిచాను. రెండడుగులకే పైజామా కిందికి జారింది. బిగించి కట్టి ఆయన ఎదుట కూర్చున్నాను, లేచాను, వంగి చెప్పు తీశాను. గుర్రపు డెక్కలా పక్కకు పొడుచుకు వచ్చింది. మర్నాడు కారు నడుపుతూ పెట్టుకోమన్నాడు. ఎండలో నిలబెట్టిన బండిలో ఇనుము ఎలా కాగుతుందో రియాద్‌లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. సాయంత్రానికి నా తొంటి మీద పొక్కు లేచింది. చెమటకు తుప్పు దిగి, తోబు మీద గోధుమరంగు మరక పడింది. ఆయన ఆ మరకను గోటితో గీకి, “ఇది పనికిరాదు” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అది పనికిరాకపోతే ఇంకోటి వెతుకుతాడని ఆ క్షణంలో తట్టలేదు.

ఇంకోటి వెతకడానికి నజ్రాన్ పోయాం. యెమెన్ సరిహద్దు దగ్గర ఆయన బంధువు ఒకాయనకు ఖర్జూరపు తోట ఉంది. ఆయన మా ముందు తివాచీ మీద గుడ్డ పరిచి, గాజుల మలారం విప్పినట్టు పిస్తోళ్ళు ఒక్కొక్కటే తీసి పెట్టాడు. నేను గుమ్మం దగ్గర కూర్చుని వాటి మూతులు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తున్నాను. ఎటు తిప్పినా ఏదో ఒకటి నా వైపే ఉంది. కఫీల్ ఒక్కోటి చేతిలోకి తీసుకోవడం, బరువు చూడడం, నన్ను పిలవడం. నేను దర్జీ కొట్టులో గుడ్డ చుట్టే బొమ్మలా లేవడం, కట్టుకోవడం, నడవడం. చిన్నది ఒకటి చూడ ముచ్చటగా ఉంది గానీ వెనక కొక్కెం జేబు దారాలకు చిక్కుకుంది. ఇంకొకటి తళతళా మెరుస్తోంది. అద్దంలా మెరిసేదాన్ని పెళ్ళికి పెట్టుకుంటారు గానీ రోజూ పెట్టుకోరని ఆ బంధువే దాన్ని పక్కన పెట్టాడు.

ఆఖరున తీశాడు నల్లదాన్ని. మెరుపు లేదు, నగిషీ లేదు. పట్టుకుంటే వేడీ కాదు, చల్లనా కాదు. నాకు మొదట పిల్లలు ఆడుకునే బొమ్మ తుపాకీ అనిపించింది.

“ఇది ప్లాస్టిక్. పైన జారేదీ లోపలి గొట్టమూ ఇనుమే, పట్టుకునే ఒళ్ళంతా ప్లాస్టిక్” అన్నాడాయన. “తుప్పు పట్టదు. ఎండకు కాలదు. రోజంతా ఉన్నా ఉన్నట్టు తెలియదు.”

“దీనికి తాళం ఏది?” అన్నాడు మా కఫీల్. ఇనుప పిస్తోలుకు పక్కన ఒక చిన్న మీట ఉండేది, అది దించితే పేలదు.

“తాళం పేల్చే మీటలోనే ఉంది. వేలు పెట్టి నొక్కితేనే తెరుచుకుంటుంది, నొక్కకపోతే లేదు.”

అంటే తాళం మన వేలే అన్నమాట. కఫీల్ మొహం మాత్రం యుద్ధం తర్వాత మొదటిసారి విచ్చుకుంది. నేను దాన్ని కట్టుకుని కూర్చున్నాను, వంగాను, కారెక్కి దిగాను. ఎక్కడా ఉబ్బు కనబడలేదు. “ఖలాస్, ఇదే” అన్నాడు. పీడ విరగడయింది, ఇక చుట్టీయే అనుకున్నాను. తిరుగు దారిలో వెనక సీట్లోంచి మెల్లగా అన్నాడు. “కొన్నాళ్ళు నువ్వు పెట్టుకుని చూడు. ఎండలో, మెట్ల మీద, బజారులో. నీకు అలవాటైతే నేను పెట్టుకుంటాను.”

మలాజ్ దర్జీ నా తోబులకు కుడి జేబు అడుగు కోసేశాడు, చెయ్యి జేబులోంచి నేరుగా నడుముకు పోయేటట్టు. ఎందుకని అడగలేదు, ఆ కోత ఆయనకు కొత్త కాదు. మొదట ఖాళీదే ఇచ్చినా, తర్వాత తూటాలు నింపి ఇచ్చాడు కఫీల్. నింపిన బరువు వేరు, ఖాళీ బరువు వేరు, ఖాళీదాంతో కొలత తేలదని ఆయన వాదన. ఆ రోజు నుంచి నేను ఊపిరి సగమే పీల్చేవాణ్ణి. తుమ్ము వస్తే భయం, కారు గుంతలో పడితే భయం. జేబులో తాళంచెవి పెట్టబోయి నా వేలు ఎక్కడ దాని పేల్చే మీటకు తగులుతుందోనని భయం. ఉందా, జారిందా, పైకి కనబడుతోందా అని కుడి ముంజేత్తో నడుమును మాటిమాటికీ ఒత్తి చూసుకునేవాణ్ణి. ఆ అలవాటు ఎప్పుడు పట్టిందో నాకే తెలియదు.

ఒకసారి ఆయన్ని దుకాణంలో దింపి ఒక్కణ్ణే ఇంటికి వస్తున్నాను. దాన్ని విప్పి ఆయనకు ఇవ్వడం మరిచాను, అడగడం ఆయనా మరిచాడు. మలుపు తిరిగితే ఎదురుగా పోలీసుల తనిఖీ. వెనక్కి తిప్పితే వెంటపడతారు. పోలీసు కిటికీలోకి వంగి “ఇఖామా” అన్నాడు. ఇఖామా అంటే మన గుర్తింపు పుస్తకం. అలవాటుగా కుడి చెయ్యి జేబులోకి పోయింది. అడుగు లేని జేబు కదా, వేళ్ళు నేరుగా దాని పిడికి తగిలాయి. ఆ చెయ్యి ఇక నాది కాదు. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. ఎడమ చేత్తో ఎడమ జేబులోంచి పుస్తకం తీసి ఇచ్చాను. అతను ఫోటో చూశాడు, నన్ను చూశాడు, తోబును చూసి నవ్వి “రూహ్” అన్నాడు. పొమ్మని. కొంత దూరం పోయాక బండి పక్కకు ఆపి, ఆ చేతిని ఎడమ చేత్తో పట్టి జేబులోంచి బయటికి లాగాను.

ఆ శుక్రవారం మలాజ్‌లో వరసకు మామ అయ్యే ఒకాయన గదికి పోయాను. ఆర్మూరు దిక్కు మనిషి, ఏసీలు బాగుచేస్తాడు. ఆయనకొక్కడికే చెప్పాను. చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

“నీకేమన్న పిచ్చి లేసిందా అల్లుడా? గా తుపాకి నీ మీద దొర్కితె కఫీల్ నీ దిక్కుంటడా? నాకెర్క లేదంటడు.”

“చుట్టీ ఇస్త అన్నడు మామా.”

“ఇస్తె తీస్కో. ఇంటికి పో. పోయి మల్ల ఇటు మొకం సూడకు. మన ఊర్ల గడ్డి కోసుకోని బత్కు.”

అదే చేద్దామనుకున్నాను. ఇంటికి పోతే మళ్ళీ రాకూడదు.

ఇంతలో దసరా వచ్చింది. మా వైపు దసరాకు పనిముట్లన్నిటికీ బొట్టు పెడతాం. నాగలి, కొడవలి, కుట్టుమిషను, బండి, ఏది అన్నం పెడితే దానికి. ఒక్కదాన్ని మరిచినా అది అలుగుతుందంటారు. మా వాడకట్టులో వడ్లాయన ఒకసారి బాడిశకు బొట్టు మరిచి, తెల్లారి అదే బాడిశతో పాదం చెక్కుకున్నాడు. కాకతాళీయం అనుకోవచ్చు. మా ఊళ్ళో ఎవరూ అలా అనుకోలేదు. సౌదీలో పూజలు కుదరవు కాబట్టి, నేను బామ్ డబ్బీలో దాచుకున్న కుంకుమతో, షెడ్డులో ఎవరూ లేనప్పుడు, స్టీరింగ్ అడుగున ఒక చుక్క, జాకీకి ఒకటి, పానాలకు ఒకటి పెట్టి దండం పెట్టుకునేవాణ్ణి. కాసేపాగి తుడిచేసేవాణ్ణి. ఆ ఏడూ అంతే చేశాను. చేసి లేవబోతుంటే నడుముకు అది ఒత్తుకుంది.

అందరికీ పెట్టి దీనికి పెట్టకపోతే? రోజంతా నా పేగుల పక్కన ఉండేది ఇదే. అలిగితే దీనంతగా అలిగేది ఇంకేముంది? దాన్ని బయటికి తీసి, పిడి వెనక, అరచెయ్యి ఆనే చోట, కుంకుమ బొట్టు పెట్టాను. “నీకూ నాకూ పగ లేదు తల్లీ, నా నడుము మీద పేలకు” అని దండం పెట్టుకున్నాను. తర్వాత తడిగుడ్డతో తుడిచాను. పైకి శుభ్రంగానే కనబడింది. ఆ ప్లాస్టిక్ పిడికి పట్టు జారకుండా సన్నటి గుంటలు గుంటలుగా ఉంటుంది. కుంకుమ ఆ గుంటల్లోకి దిగిందని నాకు తోచలేదు. ఇనుపదానికైతే ఒక్క తుడుపుకు పోయేది.

సరిగ్గా మర్నాడే కఫీల్ “ఈరోజు నేను పెట్టుకుంటాను” అన్నాడు. అన్నగారింట్లో విందు. నేను సంతోషంతో విప్పి ఇచ్చాను. ఆయన లోపలికి పోయాడు, నేను బయట కారులో కూర్చుని ఇంటికి ఏమేం పట్టుకుపోవాలో ఆలోచిస్తున్నాను. విందు సగంలోనే ఆయన బయటికి వచ్చాడు. కర్రలా బిగుసుకుని నడుస్తున్నాడు. తెల్ల తోబు మీద కుడి తొంటి దగ్గర ఎర్రటి మరక. పేలింది, మనిషి పోతున్నాడు అనుకున్నాను. ఆయన వెనక సీట్లో కూర్చుని, అరచెయ్యి నా మొహం ముందు చాపాడు. ఎర్రగా ఉంది.

“అన్నయ్య చూసి రక్తం అని కేకేశాడు. ఒళ్ళంతా తడుముకున్నాను. గాయం లేదు. ఏమిటిది?”

విందులో మాటిమాటికీ జేబులో చెయ్యి దూర్చి తుపాకీ ఉందో లేదో చూసుకుంటూ ఉన్నాడన్నమాట, నాలాగే. చేతి చెమటకు కుంకుమ కరిగింది.

ఇనుపదైతే తుప్పు అని చెప్పేవాణ్ణి. నమ్మేవాడు కూడా, ఒకసారి చూశాడు కదా. తుప్పు పట్టదనే కదా ఏరికోరి దీన్ని తెచ్చుకున్నాం! ఆ దేశంలో చేతబడిని సిహ్ర్ అంటారు. ఇళ్ళలో పనిచేసే వాళ్ళ దగ్గర తాయెత్తు దొరికిందని, దారం ముడి దొరికిందని పట్టుకుపోయిన కథలు ఎన్ని విన్నానో. పోయినవాళ్ళు ఏమయ్యారో ఏ కథా చెప్పేది కాదు. అబద్ధం ఒక్కటీ దొరక్క నిజం చెప్పాను.

“మా దేశంలో ఏడాదికి ఒకరోజు పనిముట్లకు ఈ ఎర్రది పెడతాం బాబా. కారుకు పెట్టాను. దీనికీ పెట్టాను.”

“సిహ్రా?”

“కాదు, వల్లాహి, దేవుడి తోడు కాదు. దీనికి నేను భయపడతాను. నన్ను చంపకని అడిగాను, అంతే.”

అద్దంలో ఆయన కళ్ళు చూశాను. కోపం ఉంటే తట్టుకునేవాణ్ణేమో. కోపం లేదు, బెదురు ఉంది. సైరన్ మోగిన రోజుల్లో చూసిన అదే చూపు. తర్వాత ఒర ముడి విప్పి, పటకా చివర పట్టుకుని, చచ్చిన పామును ఎత్తినట్టు ఎత్తి ముందు సీట్లో పడేశాడు. “నువ్వే పెట్టుకో. నన్ను చంపకని నేను అడగలేదు కదా” అన్నాడు.

ఆ తర్వాత దాన్ని ఆయన ముట్టుకోలేదు. అమ్మలేడు, ఎర్ర మరక ఏమిటని అడిగితే ఏం చెప్తాడు? పారేయలేడు, భయం అలాగే ఉంది. ఎన్నో రోజులు చేతులు కడుక్కుని ఖురాన్ వాక్యాలు చదువుకున్నాడు గానీ చెయ్యి దాని వైపు పోలేదు. కాబట్టి తుపాకీ నా నడుముకు, నేను ఆయన వెనక. ఎక్కడికి పోయినా అంతే. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నెలలు గడిచాయి. తొంటి మీద చర్మం మొద్దుబారి, నల్లటి కాయ కాసింది. చివరికి నేను ఏడిస్తే చుట్టీ కాగితం కొట్టించాడు, తిరిగి రావాలన్న షరతు మీద. నేను తలూపాను. మనసులో మామ మాటే ఉంది.

బొంబాయిలో దిగి, రైలెక్కి, మా జిల్లా బస్సు ఎక్కేసరికి ఒళ్ళు దూదిలా తేలిపోయింది. నడుముకు ఏమీ లేదు. ఊపిరి నిండా పీలుస్తున్నాను. ఊరు ఇంకొంచెం దూరం ఉందనగా బస్సు ఆగింది. పోలీసులు ఎక్కారు. మగవాళ్ళందరినీ దించి వరసగా నిలబెట్టారు. ఎస్సై ఒక్కొక్కరినీ చూసుకుంటూ వస్తున్నాడు. ఆయన నా ముందుకు రాగానే నా కుడి ముంజెయ్యి దానంతట అదే పోయి నడుమును ఒత్తి చూసింది.

ఎస్సై ఆగాడు. ఆయన చూడకపోతే ఎలా, చూడడమే ఆయన పని. తుపాకీ గొట్టం వచ్చి నా పొట్టకు ఆనింది. అదే చోట, అదే చల్లదనం.

“చేతులు పైకెత్తు. చొక్కా ఎత్తు.”

చొక్కా ఎత్తాను. తుపాకీ లేదు. కాయ ఉంది. ఆయన వంగి దాన్ని వేలితో నొక్కి చూశాడు.

“ఎక్కడ పెట్టావురా?”

“ఏంది సార్?”

“నీకు తెలుసు ఏంటో.” కోస్తా మాట ఆయనది. గొంతు పెంచలేదు. “ఏం పని చేస్తావ్?”

“సౌదీల డ్రైవర్‌ను సార్. ఇయ్యాల్నే దిగిన. గది బెల్టు ఒరుసుకున్నది సార్.”

“డ్రైవర్లకి చేతులకి కాస్తాయి కాయలు. తుంటి మీద కాదు.” తన చొక్కా కొంచెం పైకెత్తాడు. కుడి పక్కన, అదే చోట, అదే నల్లటి కాయ. “నాకూ ఉంది. బెల్టుకి ఇలా అవదు.”

బస్సులో ఆడవాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. నాకు కాళ్ళ వెంట తడి తగిలింది, ఏమిటో చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు తీసి ఇచ్చాను. ముద్ర చూశాడు, సంచి కిందా మీదా చేయించాడు. దొరకవలసింది దొరకలేదు. “సెలవు ఉన్నన్నాళ్ళు రోజూ పొద్దున ఠాణాకొచ్చి మొహం చూపించు” అని వదిలేశాడు.

రోజూ పోయి వరండాలో కూర్చునేవాణ్ణి. కొన్నాళ్ళకు చాయ్ హోటలు దగ్గర ఒకతను నా పక్కన చేరి, మొహం చూడకుండా మాట్లాడాడు. “రోజు ఠాణల ఏం చెప్తున్నవని అన్నలు అడుగుతున్నరు.” అతను గ్లాసు పెట్టేసి పోయాడు. నేను చాయ్ తాగలేకపోయాను.

ఇంటికొచ్చి నా భార్యకు అంతా చెప్పాను, నజ్రాన్ దగ్గర నుంచి. ఆమె నా తొంటి మీద కాయను ఆముదం పెట్టి రుద్దుతూ విన్నది. నేను ఇక సౌదీకి పోనని, ఇక్కడే గడ్డి కోసుకుని బతుకుతానని అన్నాను. ఆమె రుద్దడం ఆపింది.

“గాడ ఒక్కటే తుపాకి. అది నీ నడుముకే ఉంటది. ఈడ రెండు దిక్కుల తుపాకులే, నడుమ నువ్వు” అన్నది. “పో. గాడ భయపడుకుంట బత్కు. ఈడ నాకు నీ పీనుగ వద్దు.” అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

చుట్టీ పూర్తి కాకముందే తిరిగి విమానమెక్కాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టా, పొయ్యిలోంచి పెనం మీదికి ఎక్కినట్టా, ఇప్పటికీ తేల్చుకోలేను.

కఫీల్ తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. నేను రాననుకున్నాడట, నన్ను చూసి కళ్ళు తడి చేసుకున్నాడు. నేను లేనన్నాళ్ళు గడప దాటింది తక్కువేనని ఆయన కొడుకు చెప్పాడు. బీరువా తెరిచి, పక్కకు తప్పుకుని, తను ముట్టుకోకుండా వేలితో చూపించాడు. నేను తోబు వేసుకున్నాను. పటకా కట్టుకున్నాను. ఆ నల్లదాన్ని తీసి ఒరలో దింపుకున్నాను. కాయ మీద సరిగ్గా కూర్చుంది.

కుడి ముంజెయ్యి దానంతట అదే పోయి ఒత్తి చూసుకుంది. ఉంది. హమ్మయ్య అనుకున్నాను. హమ్మయ్య అనుకున్నందుకు ఒళ్ళంతా వణికింది.